ఫోన్ చూశాక వచ్చే భయాలు: చంటిపిల్లల టీకాల గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కడప జిల్లాలో ఏఎన్ఎంని, అంటే ప్రభుత్వ నర్సుని. ఊళ్ళో "నర్సమ్మ" అంటారు. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తాను, మిగతా రోజుల్లో ఆ టీకాల గురించి వచ్చే ఫోన్లు ఎత్తుతాను. ఒకప్పుడు "సూది ఎప్పుడు మేడమ్?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "ఈ వీడియో ఒకసారి చూడండి, నిజమేనా?" అంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక ఉన్నా టైము చాలక, ఎక్కువగా వినబడే ప్రశ్నలు ఇక్కడ రాసిపెట్టాను. అన్నీ చదవక్కర్లేదు, మీది ఏదో వెతుక్కుని చదువుకోండి.

అనుమానంగా ఉందని చెప్తే మీరు తిడతారేమో?

ఒకసారి తిట్టాను. పెంటా (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) రెండో డోసుకు రాని ఒక అమ్మాయి ఇంటికి పోయి, వాకిట్లో నలుగురూ వింటుండగా "డిగ్రీ చదివినావు, ఇంత కూడా తెలియదా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. ఏడాదిన్నర పాటు ఆ తలుపు నాకు తెరవలేదు. అసలు సంగతి తర్వాత ఆశా చెప్పింది. మొదటి డోసు వేసిన రాత్రి బిడ్డ కాలు వాచి, తెల్లారేదాకా ఏడ్చిందట. ఎందుకు ఏడుస్తోందో చెప్పే మనిషి లేక ఫోన్‌లో వెతికింది. వెతికితే ఏం దొరుకుతుందో మీకు తెలిసిందే. "ఈ రాత్రి జ్వరం రావచ్చు, కాలు నొప్పి ఉంటుంది, ఇలా చేయి" అని ఆ రోజు నేను రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఆమెకు ఫోన్‌తో పనే పడేది కాదు. జనం ఎక్కువగా ఉన్నారన్న మాట నిజమే, అయినా తప్పు నాదే.

అందుకే అడగండి. అనుమానం ఉన్నవాళ్ళు బిడ్డ మీద శ్రద్ధ లేనివాళ్ళు కాదు. శ్రద్ధ ఉండబట్టే రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో వెతుకుతున్నారు.

మా ఆయన కువైట్ నుంచి వాయిస్ మెసేజ్ పంపించాడు, తట్టు సూది వేయించొద్దని. ఏం చేయాలి?

మన కడప వైపు ఇది చాలా ఇళ్ళలో ఉన్న సంగతి. ఒకామె ఫోన్ తెచ్చి నా వ్యాక్సిన్ డబ్బా పక్కన పెట్టి ప్లే చేసింది. ఇద్దరం రెండుసార్లు విన్నాం. గొంతు ఆమె భర్తది కాదు. ఎవరో మగమనిషి, "నేను పెద్దాసుపత్రిలో డాక్టర్ని" అంటాడు. ఏ ఆసుపత్రో చెప్పడు, పేరు చెప్పడు. "నిన్న పక్క ఊళ్ళో ముగ్గురు పిల్లలు" అంటాడు. ఏ నిన్న? ఏ ఊరికి పక్క ఊరు? మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంది. అంటే అది చేతులు మారీ మారీ వచ్చిందన్నమాట. ఇలాంటి "నిన్న, పక్క ఊళ్ళో" మాట నేను 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా పెద్ద ఎత్తున వేసినప్పటి నుంచీ వింటున్నాను. ఇన్నేళ్ళయినా అది ఇంకా నిన్నే జరుగుతోంది.

ఏ మెసేజ్‌నైనా నేను ఒకే ఒక్క మాట అడుగుతాను. ఇది తప్పని తేలితే ఎవరిని పట్టుకోవాలి? నేను వేసిన ప్రతి సూదికీ రిజిస్టర్‌లో పేరు, తేదీ, సీసా బ్యాచ్ నంబరు రాస్తాను. ఏదైనా జరిగితే నన్ను పిలిచి అడుగుతారు. ఆ గొంతును ఎవరు పిలుస్తారు?

ఆ రోజు ఆమె భర్తకు వీడియో కాల్ చేసింది. నేను టీకా గురించి చెప్పబోతే అతను మధ్యలో ఆపి, "అదంతా సరే మేడమ్, రాత్రి జ్వరం ఎక్కువైతే ఇంట్లో మా అమ్మ, ఈమె, ఇద్దరే ఉండారు. ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు?" అన్నాడు. వాయిస్ మెసేజ్ వెనక ఉన్న భయం అది. నా నంబరు, ఆశా నంబరు, 108, మూడూ అతని ఫోన్‌లోనే సేవ్ చేయించాం. తర్వాతి శనివారం పాపకు సూది వేశాను.

తట్టు సూదితో ఆటిజం వస్తుందని ఇంటర్నెట్ అంతా ఉంది కదా?

ఇంటర్నెట్ అంతా ఉంది, కానీ పుట్టింది ఒక్కచోటే. 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు, మరికొందరితో కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా కలిపి ఇచ్చే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చన్నట్టు రాశారు. రుజువైందని ఆ వ్యాసమే అనలేదు, ఆ మాట తర్వాత ప్రెస్ మీట్లలో, పేపర్లలో పెరిగింది. టీకా కంపెనీల మీద కేసులు వేయబోతున్న లాయర్ల దగ్గర అతను డబ్బు తీసుకున్నాడని, పిల్లల వివరాలు మార్చాడని బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు బయటపెట్టాడు. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది మేలో అక్కడి మెడికల్ కౌన్సిల్ అతని పేరు డాక్టర్ల జాబితా నుంచి కొట్టేసింది. తర్వాత డెన్మార్క్‌లో 6.5 లక్షలకు పైగా పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితం చెప్పారు: టీకా వేయించుకున్నవాళ్ళలో ఆటిజం ఎక్కువేమీ లేదు.

అయినా ఈ మాట ఎందుకు చావదు? మన దగ్గర తట్టు-రుబెల్లా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, వచ్చిన మాటలు ఆగిపోవడం తల్లి కంటబడేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. "సూది వేయించిన నెలకే నా కొడుకు మారిపోయాడు" అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసింది నిజమే, కారణం మాత్రం అది కాదు. అలాంటి తల్లిని వీడియోలో చూపించి డబ్బు చేసుకునేవాళ్ళ మీదే నాకు కోపం.

మరి టీకా వేశాక చనిపోయిన పిల్లల వార్తలు? అవన్నీ అబద్ధాలేనా?

అన్నీ అబద్ధాలు కావు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మన దేశంలో పుట్టే ప్రతి వెయ్యి మందిలో పాతిక మంది దాకా ఏడాది లోపే పోతున్నారు. న్యుమోనియా, తక్కువ బరువు, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు, నిద్రలో ఊపిరాడకపోవడం ఇలా ఎన్నో కారణాలు. ఆ ఏడాదిలోనే పిల్లలకు పుట్టిన రోజున, 6, 10, 14 వారాలకు, 9 నెలలకు టీకాలు పడతాయి. కాబట్టి టీకా పడిన రెండు మూడు రోజుల్లోనే వేరే కారణంతో ఒక బిడ్డ పోవడం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. పేపర్లో "టీకా వికటించి" అనే హెడ్డింగ్ మరుసటి రోజే వస్తుంది, విచారణ ఫలితం నెలల తర్వాత వస్తుంది. అది ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అలాగని మనుషుల తప్పులు జరగవని చెప్పను. తట్టు-రుబెల్లా మందు పొడిగా ఉంటుంది, ద్రవం కలిపి వేయాలి. కలిపాక 4 గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఆ టైము దాటితే అందులో క్రిములు పెరిగి ప్రాణం మీదికి తేవచ్చు. సీసా మీద కలిపిన టైము రాసి ఉందేమో అడగండి. అడిగితే నాకేం కోపం రాదు, ఏ నర్సుకూ రాకూడదు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది అలర్జీ ఏమైనా వస్తుందేమో చూడటానికి. ప్రాణాపాయం తెచ్చే అలర్జీ లక్షల డోసుల్లో ఒకటి, కానీ వస్తే ఆ కాసేపట్లోనే వస్తుంది, దానికి ఇంజెక్షన్ మా దగ్గర ఉంటుంది.

ఇంకో నిజం కూడా చెప్తాను, మీకు వేరేచోట దొరికితే మేం దాచామనుకుంటారు. పోలియో చుక్కల్లో బలహీనపరిచిన వైరస్ ఉంటుంది. దాని వల్లే కాలు పడిపోవడం దాదాపు 27 లక్షల డోసులకు ఒకసారి జరగవచ్చు. ఆ ముప్పు తగ్గించడానికే 2015 చివర్లో పోలియో ఇంజెక్షన్ కూడా చేర్చారు, 2016 ఏప్రిల్‌లో చుక్కల మందునూ మార్చారు. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు వచ్చింది 2011 జనవరిలో. అంతకుముందు కాళ్ళు ఈడ్చుకుంటూ బడికొచ్చిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు.

ఇవి పిల్లలు పుట్టకుండా చేసే సూదులట?

1995 డిసెంబర్‌లో పల్స్ పోలియో మొదలైనప్పుడు కూడా అచ్చం ఈ మాటే. అప్పుడు చుక్కలు వేయించుకున్నవాళ్ళే ఇప్పుడు చంకలో బిడ్డతో నా ముందు లైన్లో నిలబడుతున్నారు. ఇంతకంటే జవాబు ఏముంది?

నిజానికి రుబెల్లా టీకా చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. గర్భం తొలి నెలల్లో తల్లికి రుబెల్లా వస్తే బిడ్డ పోవచ్చు, లేదా చూపు, వినికిడి లేకుండా, గుండెలో లోపంతో పుట్టవచ్చు. రేపటి గర్భాన్ని కాపాడే టీకా అది.

అమెరికాలో మా వదిన చెప్పింది, అక్కడ బీసీజీ వెయ్యరట, పోలియో చుక్కలు కూడా లేవట. మనకెందుకు?

మీ వదిన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. అక్కడ బీసీజీ (క్షయ టీకా) అందరికీ వెయ్యరు, పోలియోకు చుక్కలు మానేసి 2000 నుంచి ఇంజెక్షనే ఇస్తున్నారు. తట్టు టీకా కూడా అక్కడ ఏడాది నిండాకే మొదలుపెడతారు.

కానీ అక్కడ క్షయ మనకున్నంత లేదు. మన ఇళ్ళలో దగ్గే తాత ఒడిలోనే బిడ్డ పెరుగుతుంది. బీసీజీ పెద్దయ్యాక వచ్చే టీబీని అంతగా ఆపదు గానీ, పసిపిల్లల మెదడుకు పాకే టీబీ నుంచి బాగా కాపాడుతుంది. తట్టు మన దగ్గర చిన్న వయసులోనే పట్టుకుంటుంది కాబట్టి 9 నెలలకే మొదలుపెడతాం. ఇంటర్నెట్‌లో తప్పుడు సమాచారం కన్నా నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే: సమాచారం సరైనదే, దేశం వేరు. ఫోన్‌లో టీకాల పట్టిక చూసేటప్పుడు ముందు ఏ దేశానిదో చూడండి. ఏఐని అడిగినా అంతే, ఏ దేశం అని మీరు చెప్పకపోతే అమెరికా పట్టిక చెప్పేయొచ్చు, అదీ ఎంతో ధీమాగా. మీ పట్టిక మేం ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు మీద అచ్చయి ఉంది.

ఫోన్‌లో చూసింది నమ్మాలో వద్దో ఎట్లా తెలుస్తుంది?

వెతికే తీరు దగ్గరే సగం తేడా వస్తుంది. "పెంటా సూది చావు" అని కొడితే చావుల వార్తలే వస్తాయి, "పెంటా టీకా ఎందుకు, ఎప్పుడు" అని కొడితే వేరేవి వస్తాయి. ఫోన్ మీ ప్రశ్నకు జవాబు చెప్పదు, మీరు టైపు చేసిన మాటలకు దగ్గరగా ఉన్నవి తెచ్చి పోస్తుంది. ఒక భయం వీడియో చివరిదాకా చూస్తే అలాంటివే ఇంకో పది చూపిస్తుంది. రాత్రంతా పది వీడియోలు చూశానంటే పది మంది చెప్పినట్టు అనిపిస్తుంది, చాలాసార్లు ఒకే మాట పది నోళ్ళలో.

తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు చూసి మోసపోకండి. అవి బజార్లో దొరుకుతాయి. నిజమైన డాక్టరైతే పేరు, రిజిస్ట్రేషన్ ఉంటాయి, మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. ఈమధ్య పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు ఏఐతో తయారు చేసి, వాళ్ళు అననివి అన్నట్టు చూపిస్తున్నారు. పెదాల కదలిక, మాట కలవకపోతే అనుమానించండి. వీడియో చివర్లో పొడో, కషాయమో, కోర్సో అమ్మితే ఇక చూడక్కర్లేదు.

నేనూ ఒకసారి బోల్తా పడ్డాను, అది కూడా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో ఆవిరి పడితే వైరస్ చస్తుందని ఒక మెసేజ్ వస్తే మా బంధువుల గ్రూపులో నేనే పెట్టాను. పెట్టింది నర్సు కాబట్టి అందరూ నమ్మారు. మా పిన్ని రోజుకు నాలుగుసార్లు ఆవిరి పట్టి మూతి కాల్చుకుంది. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు పంపారు కదా అని నమ్మడం మానేశాను.

మన ఎండలకు మందు పాడవ్వదా?

మంచి ప్రశ్న, ఎక్కువమంది అడగరు. మే నెలలో మనకు 43, 44 డిగ్రీలు మామూలే. మందు ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) దానికని ప్రత్యేకమైన ఫ్రిజ్ ఉంటుంది, గోడల్లో మంచు ఉండటం వల్ల కరెంటు పోయినా గంటల తరబడి చల్లదనం నిలుస్తుంది. పొద్దున ఐస్ ప్యాక్‌లు బయటికి తీశాక వెంటనే డబ్బాలో పెట్టను. చెమట పట్టేదాకా బల్ల మీద ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. లోపల నీళ్ళ చప్పుడు వినపడితేనే సర్దుతాను. ఎందుకంటే పెంటా మందుకు ఎండ ఎంత శత్రువో గడ్డకట్టడం అంతకంటే పెద్ద శత్రువు.

మీరు చూడాల్సింది సీసా మీదో మూత మీదో ఉండే చిన్న గుండ్రటి గుర్తు. లోపల చదరం ఉంటుంది. చదరం చుట్టూ ఉన్న వలయం కన్నా లేతగా ఉంటే మందు బాగుంది. రెండూ ఒకే రంగులోకి వచ్చాయా, ఆ సీసా చెత్తబుట్టకే. చూపించమని అడిగితే చూపిస్తాం.

జ్వరం వస్తే?

పెంటా, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) వేసిన రోజు రాత్రి జ్వరం, వేసినచోట వాపు, చిరాకు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. తట్టు-రుబెల్లాకు జ్వరం వెంటనే కాదు, వారం పది రోజులకు రావచ్చు, సన్నగా దద్దుర్లతో. బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు పొక్కులా లేచి, చితికి, మచ్చ పడుతుంది. దానికి ఏమీ రాయొద్దు, గిల్లొద్దు. తొడ మీద వాపుకు తడిగుడ్డ చాలు, బామ్ వద్దు, రుద్దొద్దు.

పారాసిటమాల్ దగ్గర మాత్రం జాగ్రత్త. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250 ఉంటుంది. పక్కింటివాళ్ళ సిరప్ కొలత మీ చుక్కల మందుకు వాడితే ప్రమాదం. బిడ్డ బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 5 కిలోల బిడ్డకు 50 నుంచి 75. మీ దగ్గరున్న సీసా ఫొటో తీసి మాకు పంపండి, ఎంత పోయాలో చెప్తాం.

మూడు గంటలకు మించి ఆపకుండా ఏడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా, వాలిపోయి పలకకపోయినా, ఊపిరి కష్టమైనా, ముఖం వాచినా ఎవరికోసం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఒకేరోజు అన్ని సూదులా? బిడ్డ తట్టుకోగలదా?

6 వారాలకు మూడు సూదులు, రెండు రకాల చుక్కలు. చూడటానికి కష్టంగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. బిడ్డ లోపలి రక్షణ వ్యవస్థకు మాత్రం ఇది పెద్ద బరువు కాదు. పుట్టిన రోజు నుంచీ అది ఎన్నో క్రిములను ఎదుర్కొంటూనే ఉంది. విడగొట్టి వేస్తే ఏడుపు రోజులు పెరుగుతాయి, రక్షణ లేని రోజులు కూడా పెరుగుతాయి.

తట్టు అంటే అమ్మవారు కదా, వచ్చి పోతుందని మా జేజి అంటుంది.

జేజితో గొడవ పడకండి. వాకిట్లో వేపమండలు కడితే నష్టం లేదు. బిడ్డను వేరుగా పడుకోబెట్టడం, బయటివాళ్ళను రానివ్వకపోవడం, ఇవి అంటువ్యాధికి చేయాల్సినవే. కానీ తట్టు అంత తొందరగా అంటుకునే జబ్బు ఇంకోటి లేదనే చెప్పాలి. రక్షణ లేని జనంలో ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది. న్యుమోనియా, విరేచనాలు, చూపు పోవడం, మెదడు వాపు దాని వెంట వచ్చేవి. అంతకుముందు జబ్బుల మీద ఒంట్లో ఉన్న రక్షణను కూడా అది చెరిపేస్తుంది, అందుకే తట్టు తగ్గిన పిల్లలు నెలల తరబడి వేరే జబ్బులతో మంచం పడతారు. తట్టు వస్తే ఆసుపత్రికి తీసుకురండి, వరుసగా రెండు రోజులు విటమిన్ ఏ ఇవ్వాలి.

ఒక ఇంట్లో జేజి ఇలాగే వద్దంటుంటే, "నీకు ఎంతమంది పిల్లలు అవ్వా?" అని అడిగాను. "ఏడుగురిని కన్నా, నలుగురు మిగిలినారు" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమే లేచి మనవడి చొక్కా చేయి పైకి మడిచింది.

ప్రైవేటులో వేసే నొప్పి లేని పెంటా సూది మంచిదా?

జ్వరం, వాపు తక్కువ, అది నిజం. ఖర్చు ఎక్కువ. కోరింత దగ్గు మీద దాని రక్షణ ప్రభుత్వ టీకా అంత కాలం నిలవదు. జేబు చూసుకుని మీరే నిర్ణయించుకోండి, ఏదో ఒకటి మాత్రం వేయించండి.

జలుబు చేసింది, రావచ్చా?

రండి. జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు అడ్డం కాదు. జ్వరం ఎక్కువగా ఉండి నీరసించిపోతే, లేదా ఇంతకుముందు డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి.

ఇదంతా కంపెనీల వ్యాపారమే కదా?

కంపెనీలు లాభం చూసుకుంటాయి, కాదనను. పారాసిటమాల్ కంపెనీ కూడా అంతే. మీకు మాత్రం ఈ టీకాలు ఉచితంగా పడతాయి.

నేను వేయించనంటే బలవంతం చేస్తారా?

లేదు. కోవిడ్ టీకా కేసులో ఎవరికీ బలవంతంగా వేయకూడదని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది, పిల్లల టీకాలూ మీ ఒప్పుకోలుతోనే. నేను మాత్రం మళ్ళీ వస్తాను. విసిగించడానికి కాదు, ఈ నెలలో మీ మనసులో ఏం మారిందో అడగడానికి.

మధ్యలో మానేశాం, కార్డు కూడా పోయింది. మొదటి నుంచి వేయాలా?

అక్కర్లేదు. ఆగినచోటి నుంచే మొదలు. ప్రభుత్వ కార్యక్రమంలో పెంటా మొదటి డోసు, బీసీజీ ఏడాది లోపు, తట్టు-రుబెల్లా 5 ఏళ్ళ దాకా, డీపీటీ 7 ఏళ్ళ దాకా వేయొచ్చు. కార్డు పోతే మా రిజిస్టర్‌లో ఉంటుంది, యూ-విన్‌లో (టీకాల వివరాలు ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైట్) ఎక్కించి ఉంటే మీ ఫోన్ నంబరుతో దొరుకుతుంది. బెంగళూరులో కొన్ని డోసులు వేయించి ఉంటే అక్కడ ఇచ్చిన చీటీ ఏదైనా తెండి. ఏమీ లేకపోతే బిడ్డ ఎడమ భుజం చూస్తాను, చాలామందికి బీసీజీ మచ్చ ఉంటుంది. మిగతావి మీకు గుర్తున్నంత చెప్పండి, అక్కడి నుంచి లెక్క కడదాం. కార్డు పోయిందని తిడతానని మాత్రం రాకుండా ఉండొద్దు. మొన్న ఒకామె ఇల్లంతా వెతికి, చివరికి కందిపప్పు డబ్బాలో అడుగున ప్లాస్టిక్ కవర్‌లో దొరికిందని తెచ్చింది.